చెన్నైలో ఆరు లక్షలకు 2004 ఎస్-క్లాస్ వస్తోంది. తిరుపతిలో ఉండి మెయింటెయిన్ చేయగలమా?

మీరు అడిగింది ఇది: చెన్నైలో ఒకాయన 2004 మోడల్ బెంజ్ ఎస్ 350 ఆరు లక్షలకు ఇస్తానంటున్నాడు, 52 వేల కిలోమీటర్లే తిరిగింది, నాన్నగారిని అందులో కొండకి తీసుకెళ్లాలని మీ కోరిక, తీసుకోవచ్చా అని. నా దగ్గర అదే బండి, 2003 మోడల్ ఉంది. 2016లో చెన్నై నుంచే తెచ్చుకున్నాను. ఇప్పటికీ వారానికి రెండుసార్లయినా బయటికి తీస్తాను.

ముందు ఆ 52 వేల సంగతి. అది చూసి మురిసిపోకండి. ఈ బండిలో ఇనుము అంత తొందరగా అరగదు. నాది లక్షా డెబ్బై వేలు దాటింది, ఇంజన్ విప్పాల్సిన అవసరం ఒక్కసారి కూడా రాలేదు. ముసలితనం వచ్చేది రబ్బరుకి, ప్లాస్టిక్‌కి. తిరిగినా తిరగకపోయినా వాటికి ఇరవై ఏళ్లు ఇరవై ఏళ్లే. పైగా షెడ్డులో కదలకుండా ఉన్న బండికి సీళ్లు ఎండిపోతాయి, వాటికి తోడు మన తిరుపతి మే నెల ఎండ. నన్నడిగితే లక్షన్నర తిరిగి, బిల్లులన్నీ ఫైల్లో పెట్టుకున్న బండే మేలంటాను.

అన్నిటికంటే పెద్ద ఖర్చు ఎయిర్ సస్పెన్షన్. 1998లో వచ్చిన ఈ మోడల్ నుంచే ఎస్-క్లాస్‌కి స్ప్రింగుల బదులు గాలి బెలూన్లు పెట్టారు. నాలుగు చక్రాలకీ నాలుగు రబ్బరు బెలూన్లు, వాటికి గాలి కొట్టడానికి ఒక కంప్రెసర్. నేను కొన్న రెండో ఏడాది, ఒకరోజు పొద్దున గేటు తీసి చూస్తే ముందు ఎడమవైపు బండి కూలబడి ఉంది. స్టార్ట్ చేయగానే లేచింది, సర్లే అనుకుని తిరిగాను. అదే నేను చేసిన తప్పు. లీకున్న బెలూన్‌ని నింపుతూ నింపుతూ కంప్రెసర్ కాలిపోయింది. చెన్నైలో ఒక గ్యారేజ్‌కి తీసుకెళ్తే కొత్త కంప్రెసర్ వేసి పంపారు, లీకు ముట్టుకోలేదు. మూడు నెలలకే అదీ పోయింది. డబ్బు పోయిన బాధ కంటే, ఆ రోజు అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి ఉండగా బండి నేలకి అంటుకుని కూర్చోవడం నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఆ తర్వాత కరకంబాడి రోడ్డు వైపు ఒక మేస్త్రీ దొరికాడు. ఆయన స్కానర్ తగిలించకముందే బకెట్లో సర్ఫ్ నీళ్లు కలిపి, బ్రష్‌తో బెలూన్ మడతల మీద పూశాడు. చక్రాన్ని కొంచెం తిప్పి టార్చ్ వేసి చూపించాడు. రబ్బరు మడత పడే చోట వెంట్రుకంత పగులు, అక్కడ నురగ చిన్న చిన్న బుడగలుగా పొంగుతోంది. రబ్బరు మీద వేలు పెట్టి రాస్తే నల్లటి పొడి అంటుకుంది. అప్పుడు నాకు అర్థమైంది ఈ బండి రోగం ఎక్కడుందో. ముందు రెండు స్ట్రట్లూ, అంటే బెలూన్, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండే ముక్కలు, ఒకేసారి మార్పించాను. కంప్రెసర్‌తో పాటు దాన్ని ఆన్, ఆఫ్ చేసే స్విచ్, అంటే రిలే కూడా మార్చాలి. పాత రిలే అతుక్కుపోతే కంప్రెసర్ ఆగకుండా తిరిగి మళ్లీ కాలుతుంది. మొత్తం లక్షా పదివేల దాకా అయింది, అది కూడా కంపెనీ పార్టులు కాకుండా బయటి మంచి పార్టులతో. బెలూన్లు తీసేసి స్ప్రింగులు వేయించుకోమని చాలామంది చెప్తారు. నేను ఒప్పుకోను. నాన్నగారి నడుము కోసమే కదా మీరు ఈ బండి చూస్తున్నది, ఆ మెత్తదనమే పోయాక ఇంకెందుకు?

రెండోది గేర్‌బాక్స్. ఐదు గేర్ల ఆటోమేటిక్, గట్టి బాక్స్. దానికి వైర్లు తగిలే చోట బొటనవేలంత ప్లాస్టిక్ బుష్, దాని మీద రెండు రబ్బరు రింగులు ఉంటాయి. ఆ రింగులు ఎండిపోతే ఆయిల్ వైర్ల లోపలి నుంచి పాక్కుంటూ గేర్‌బాక్స్ కంప్యూటర్ దాకా పోతుంది. బుష్ ఖరీదు వెయ్యి రూపాయల లోపు, కంప్యూటర్ పోతే వేలల్లో. బండి తెచ్చిన వారంలోనే ఆ బుష్, గేర్ ఆయిల్, ఫిల్టర్ మార్పించండి. ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇంజన్ ముందు పెద్ద పుల్లీ కూడా చూసుకోవాలి. అది రెండు ఇనుప ముక్కల మధ్య రబ్బరు పొరతో చేసింది. పొర ఊడితే పుల్లీ వంకరగా తిరుగుతుంది, పట్టించుకోకపోతే ఇంజన్ ముందు కవర్‌ని తినేస్తుంది. ఇంజన్ నడుస్తుండగా పక్క నుంచి చూస్తే ఊగుతోందా లేదా కంటికే తెలుస్తుంది. సర్వీసు ఖర్చు కూడా చెప్తున్నా: ఆరు సిలిండర్లకు 12 స్పార్క్ ప్లగ్గులు, ఇంజన్ ఆయిల్ 8 లీటర్లు. స్పేర్ పార్టులకి చెన్నై జీపీ రోడ్డు, పుదుప్పేట, లేదా బెంగళూరు జేసీ రోడ్డు. పుదుప్పేటలో పాత అద్దాలు, లైట్లు, డోర్ ప్యాడ్లు తీసుకోండి, రబ్బరు వస్తువు మాత్రం ఏదీ పాతది కొనకండి.

పెట్రోలు ఇప్పుడు 20 శాతం ఇథనాల్‌తో వస్తోంది. ఈ బండి దానికోసం చేసింది కాదు, పైగా ఇథనాల్ తేమని లాక్కుంటుంది. నేను ఫ్యూయల్ పైపులు ఒకసారి మార్పించాను, ట్యాంకు నింపి నెలల తరబడి నిలబెట్టను.

కొండ సంగతి. ఎక్కడంలో టెన్షన్ లేదు, రెండో ఘాట్ రోడ్డు హాయిగా ఎక్కేస్తుంది. జాగ్రత్త దిగేటప్పుడు. బండి బరువే 1,700 కిలోల పైచిలుకు, మనుషులతో రెండు టన్నులు. దిగేది మలుపులున్న 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డులో. గేర్ లివర్‌ని డీలో (మామూలుగా నడిపే డ్రైవ్‌లో) పెట్టి బ్రేకు మీద కాలు ఆనించి దిగితే సగం దారికే కాలిన వాసన వస్తుంది. లివర్‌ని ఎడమవైపుకి నొక్కుతూ రెండో గేర్‌కి తెచ్చి, ఇంజన్ పట్టు మీద దించండి. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి తప్పకుండా మార్చండి. మా అమ్మ వెనక సీట్లో కాళ్లు చాపుకుని కూర్చుంటుంది, మోకాళ్ల నొప్పులున్నా అలిపిరికి వచ్చేదాకా ఒక్కసారి కూడా ఆపమనదు. ఆ ఒక్క కారణానికే నేను ఈ బండి అమ్మలేదు.

కాగితాలు. తమిళనాడు ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ (నిరభ్యంతర పత్రం) తెచ్చుకోవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. పదిహేనేళ్లు దాటింది కాబట్టి ఆర్సీ రెన్యువల్ ఎప్పటివరకు ఉందో చూడండి. 2025 ఆగస్టు నుంచి ఇరవై ఏళ్లు దాటిన కార్లకి రెన్యువల్ ఫీజు 10,000, దిగుమతి కారైతే 80,000. మీరు చూస్తున్న దాని ఆర్సీలో ఏమని రాసుందో బేరానికి ముందే చూసుకోండి.

డబ్బు లెక్క ఒక్కటే చెప్తాను. ఆరు లక్షలు పెట్టి కొంటే ఇంకో మూడు లక్షలు చేతిలో ఉంచుకోండి. మొదటి ఏడాదిలో అవి ఖర్చవుతాయి, తర్వాత నాకు ఏడాదికి సగటున డెబ్బై, ఎనభై వేలు అవుతోంది. ఆ మూడు లక్షలు ఇప్పుడు లేకపోతే ఒక ఏడాది ఆగండి.

ఉంటే ఇలా చేయండి. అమ్మే ఆయనకి ఫోన్ చేసి, శనివారం సాయంత్రం నుంచి బండి స్టార్ట్ చేయొద్దని చెప్పండి. ఆదివారం పొద్దున్నే వెళ్లి, తాళం చెవి తీసుకోకముందే నాలుగు చక్రాల దగ్గరా టైరుకీ పైనున్న రేకుకీ మధ్య చెయ్యి పెట్టి చూడండి. ఎడమ, కుడి రెండువైపులా ఒకే లెక్కన వేళ్లు దూరాలి. ఒకవైపు నాలుగు వేళ్లు, ఇంకోవైపు రెండే దూరితే అక్కడ బెలూన్ పోయినట్టే, లక్ష తగ్గించి అడగండి. ఏం కనిపించిందో ఇక్కడే రాయండి, చూసి చెప్తాను.