ఎన్నారై సందేహాలు: జింక వేటకి ఏ ఫ్లింట్‌లాక్ కొనాలి?

సందేహం: మేం పెన్సిల్వేనియాలో, హారిస్‌బర్గ్ పక్కన మెకానిక్స్‌బర్గ్‌లో ఉంటున్నాం. హెచ్1బి మీద వచ్చి ఏడాదిన్నరయింది. మా టీమ్‌లో ఒక పెద్దాయన ఏటా క్రిస్మస్ మర్నాటి నుంచి జింకల వేటకి వెళ్తారట, అదీ చెకుముకి రాయితో పేలే పాతకాలపు తుపాకీతో. ఈసారి నన్నూ రమ్మంటున్నారు. నేను అలాంటిది కొనచ్చా? కొంటే ఏది? ఆన్‌లైన్లో చూస్తే నాలుగొందల డాలర్ల నుంచి నాలుగు వేల దాకా ఉన్నాయి, తేడా ఏమిటో అర్థం కావట్లేదు.

సమాధానం: ఏది కొనాలన్నది తర్వాత చూద్దాం. ముందు కొనచ్చో లేదో తేల్చుకోవాలి. వీసా మీద ఉన్నవాళ్ళకి అసలు చిక్కు అక్కడే ఉంది.

హెచ్1బి, ఎఫ్1, ఎల్1 లాంటి వీసాలున్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. గ్రీన్‌కార్డు వాళ్ళకి ఈ నిషేధం వర్తించదు. మినహాయింపులు కొన్ని ఉన్నా మన బోటివాళ్ళకి పనికొచ్చేది ఒక్కటే: ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉండటం. దగ్గర పెట్టుకోవడమంటే సొంతానికి కొనుక్కోవడం ఒక్కటే కాదు, స్నేహితుడి తుపాకీ కాసేపు చేతపట్టినా ఆ లెక్కలోకే రావచ్చు. మనవాళ్ళు కొందరు వీకెండ్‌కి షూటింగ్ రేంజ్‌కి వెళ్ళి, అద్దె పిస్టల్‌తో నాలుగు రౌండ్లు కాల్చి, ఆ ఫోటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెడుతుంటారు. లైసెన్స్ లేకుండా ఆ పని చేస్తే తమ మీద సాక్ష్యం తామే తయారుచేసి పంచిపెట్టినట్టు. చూసినప్పుడల్లా నాకు గుండె గుభేలుమంటుంది.

మీరడిగే ఫ్లింట్‌లాక్ సంగతి కొంచెం వేరు. గొట్టం మూతి నుంచి మందూ గుండూ కూరే, తయారైన తూటా పట్టని తుపాకీని ఫెడరల్ చట్టం యాంటీక్ కింద లెక్కేస్తుంది, నిన్నగాక మొన్న ఫ్యాక్టరీలో తయారైనదైనా సరే. పైన చెప్పిన నిషేధం దానికి తగలదు. పెన్సిల్వేనియాలో పార్సిల్లో నేరుగా ఇంటికే వచ్చేస్తుంది కూడా. కాకపోతే గొట్టం మారిస్తే మామూలు తూటాలు కాల్చగలిగే మోడళ్ళు కొన్ని ఉన్నాయి, అవి యాంటీక్ కావు. పైగా రాష్ట్రం దాటితే రూలు మారిపోతుంది: డెలావేర్ నది అవతల న్యూజెర్సీలో ఇలాంటివాటికీ ముందు ఐడీ కార్డు తీసుకోవాలి. అందుకని నా మాట వినండి. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తిచేసి, లైసెన్సూ, దాని మీద మజిల్‌లోడర్ (గొట్టం మూతి నుంచి కూరే తుపాకీ) లైసెన్సూ తీసుకుని, ఆ తర్వాతే తుపాకీ మీద డబ్బు పెట్టండి. వేటకి అవి ఎలాగూ కావాలి, ఆ కాగితమే మీకు రక్షణ కూడా. ఒక్కసారి మీ ఇమిగ్రేషన్ లాయర్‌కీ మెయిల్ పెట్టండి. నేను లాయర్ని కాను.

ఇక క్రిస్మస్ తర్వాత వచ్చే ఆ చెకుముకి వేట సీజన్ సంగతి. రాష్ట్రంలో వేట వ్యవహారాలు చూసే పెన్సిల్వేనియా గేమ్ కమిషన్ దీన్ని 1974లో కొన్ని ప్రభుత్వ వేట భూముల్లో మొదలుపెట్టింది. ఇప్పుడు క్రిస్మస్ మర్నాడు మొదలై జనవరిలోకి సాగుతుంది. అక్టోబర్లో వచ్చే మజిల్‌లోడర్ వారంలో ఆధునిక ఇన్‌లైన్ తుపాకీలు (మూతి నుంచే కూరినా, నిప్పు గొట్టం వెనక నుంచి తిన్నగా అంటుకునేవి) నడుస్తాయి గానీ, చలికాలపు సీజన్లో చెకుముకి తప్ప ఇంకోటి కుదరదు. 1800కి ముందు తయారైన రకం, లేదా దానికి నకలు; ఒకే గొట్టం; .44 క్యాలిబర్ (అంగుళాల్లో గొట్టం లోపలి వెడల్పు) లేదా అంతకన్నా పెద్దది. దుర్భిణీ పెట్టకూడదు, ఇనుప గురి మాత్రమే. ఈ పట్టుదలకి కారణం లేకపోలేదు. కెంటకీ రైఫిల్ అని లోకమంతా పిలిచే పొడుగు తుపాకీ నిజానికి పుట్టింది ఇక్కడే, లాంకాస్టర్ చుట్టుపక్కల స్థిరపడ్డ జర్మన్ కమ్మరుల కొలిమిలో.

కొత్తవాళ్ళు గొట్టం పొడుగూ, ఇత్తడి నగిషీలూ, చెక్క మీది చారలూ చూసి కొంటారు. నన్నడిగితే ముందు చూడాల్సింది లాక్. తుపాకీ పక్కన ఉండే అరచేయంత యంత్రం అది. హ్యామర్ నోట్లో తోలుముక్క చుట్టి బిగించిన చెకుముకి ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే అది ముందుకు దూకి ఫ్రిజెన్ అనే ఉక్కు పలకని గీరుకుంటూ దిగుతుంది. పలక ముందుకు తెరుచుకుంటుంది, కింద చిన్న గిన్నెలో ఉన్న సన్నమందు మీద నిప్పురవ్వలు రాలతాయి, ఆ మంట పక్కనున్న సన్నటి రంధ్రం గుండా గొట్టంలోని మందుని అందుకుంటుంది. ఇదంతా కళ్ళు మూసి తెరిచేలోపు జరిగిపోవాలి. లాక్ బాగుంటే అలాగే జరుగుతుంది. బాగోకపోతే గిన్నెలో భగ్గుమంటుంది, తుపాకీ పేలదు, జింక ఒకసారి మీవైపు చూసి వెళ్ళిపోతుంది.

కొట్లో తుపాకీ చేతికిచ్చాక, గొట్టం ఖాళీగా ఉందని ర్యామ్‌రాడ్ (మందూ గుండూ కూరే కడ్డీ) దింపి తేల్చుకోండి. యజమానిని అడిగి, మందు లేకుండా, చెకుముకి ఉండగానే ఒకటి రెండు సార్లు నొక్కి చూడండి. గది కాస్త చీకటిగా ఉంటే మరీ మంచిది. రవ్వలు దండిగా, తెల్లగా మెరుస్తూ గిన్నెలోనే పడాలి. ఎర్రగా రెండో మూడో రాలి ఆరిపోతున్నాయంటే చెకుముకి అంచు మొద్దుబారి అయినా ఉండాలి, ఫ్రిజెన్ ఉక్కు మెత్తబడి అయినా ఉండాలి. చెకుముకి మార్చుకోవడం రెండు మూడు డాలర్ల పని, ఫ్రిజెన్ అలా కాదు. ఫ్రిజెన్ చివరిదాకా పూర్తిగా తెరుచుకుంటోందా, రంధ్రం గిన్నెకి ఎదురుగా ఉందా, మరీ అడుక్కి దిగిపోయిందా అన్నవీ చూడండి. హ్యామర్ని సగం ఎత్తి ఆపి ట్రిగ్గర్ నొక్కితే కదలకూడదు. కదిలితే ఆ తుపాకీ ఊరికే ఇచ్చినా వద్దు.

తర్వాత చూడాల్సింది గొట్టం లోపలి మరచుట్టు. కేటలాగుల్లో 1:48, 1:66 అని రాసేది దీని గురించే: 48 అంగుళాలకి ఒక చుట్టు, 66 అంగుళాలకి ఒక చుట్టు అని. గుడ్డముక్కలో పెట్టి కూరే గుండ్రటి సీసపు గుండుకి మెల్లగా తిరిగే చుట్టు, అంటే 1:60, 1:66 లాంటివి నప్పుతాయి. పొడుగాటి బులెట్లకి 1:28, 1:32 కావాలి. 1:48 మధ్యేమార్గం, మోతాదు సరిగ్గా కుదిరితే రెండూ కాలుస్తుంది. మీరు గుండ్రటి గుండుతోనే మొదలుపెట్టండి. చవక, సులువు, జింకకి సరిపోతుంది.

క్యాలిబర్ మీద గంటలకొద్దీ వాదించేవాళ్ళున్నారు. .50 తీసుకోండి. గుండ్లు, గుడ్డముక్కలు, సామాను అన్ని కొట్లలోనూ దొరుకుతాయి. .54 గుండు ఇంకొంచెం బరువు, దెబ్బా ఎక్కువే, దాంతోపాటు భుజం మీద తన్నూ ఎక్కువే. .45 చట్టం ఒప్పుకుంటుంది గానీ కొత్తవాళ్ళ చేతికి నేను ఇవ్వను.

కొలత సంగతి మనవాళ్ళు అసలు పట్టించుకోరు. ఈ తుపాకీలు ఇక్కడి ఆరడుగుల మనుషుల్ని ఉద్దేశించి చేసినవి. మీరు అయిదడుగుల అయిదంగుళాలైతే 42 అంగుళాల గొట్టం అడవిలో ప్రతి కొమ్మకీ తగులుకుంటుంది, ముందుబరువుకి చేతులు వణుకుతాయి. చలికోటు వేసుకునే కొట్టుకి వెళ్ళండి. కళ్ళు మూసుకుని తుపాకీ భుజానికి ఎత్తి, కళ్ళు తెరవండి. గురి కంటికి ఎదురుగా ఉంటే అది మీ తుపాకీ. మెడ సాచాల్సి వస్తే కాదు. ఎడమచేతివాటం వాళ్ళు ఎడమ లాక్ ఉన్నదే కొనాలి, లేకపోతే గిన్నెలో మంట సరిగ్గా ముఖం ముందే లేస్తుంది.

పేర్లు చెప్పమంటారు కాబట్టి చెప్తాను. ట్రెడిషన్స్ కంపెనీ డీర్‌హంటర్ చవకలో దొరుకుతుంది, తేలిక, పొట్టి, ప్లాస్టిక్ దస్తా ఉన్నదైతే వానలో దస్తా తడిసినా బెంగ లేదు. కానీ లాక్ మీద పెద్ద ఆశలు పెట్టుకోకండి, మంచి చెకుముకి వేసి చూసుకోవాలి. ఇటలీ పెడెర్సోలీ తుపాకీల పనితనం బాగుంటుంది, ధరా అలాగే ఉంటుంది. ఒహాయోలో తయారయ్యే కిబ్లర్ కిట్లు తెచ్చి ఇంట్లో బిగించుకునేవాళ్ళు చాలామంది. వాటి లాక్ నాకు చాలా ఇష్టం, కాకపోతే వెయ్యి డాలర్లు దాటుతుంది, చెక్కకి రంగూ నూనే మీరే పట్టించుకోవాలి, అపార్ట్‌మెంట్లో అది తలనొప్పి. నేనైతే మొదటి తుపాకీ పాతదే వెతకమంటాను. థామ్సన్ సెంటర్ వాళ్ళు ఈ సీజన్ కోసమే పెన్సిల్వేనియా హంటర్ అని ఒకటి చేశారు, 1:66 చుట్టు. ఇప్పుడు కొత్తవి రావట్లేదు గానీ మీ చుట్టుపక్కల ఊళ్ళలో పాత తుపాకీల కొట్లలో కనిపిస్తూనే ఉంటుంది. వాళ్ళ హాకెన్, రెనెగేడ్ కూడా మంచివే, కాకపోతే ఇవి పెర్కషన్ క్యాప్‌తోనూ (చెకుముకికి బదులు, దెబ్బ తగిలితే పేలే చిన్న టోపీ) వచ్చాయి, కొనేముందు ఫ్లింట్‌లాకేనా అని చూసుకోండి. పాతది కొంటే గొట్టంలోకి సన్నటి లైటు దింపి తుప్పు గుంటలున్నాయేమో చూడాలి. అంతకన్నా ముందు ర్యామ్‌రాడ్ దింపి కొలవాలి, ఎవరో ఎప్పుడో కూరి మర్చిపోయిన మందు లోపల ఉండిపోవడం వింతేమీ కాదు.

మందు విషయంలో బేరం లేదు. అసలైన బ్లాక్ పౌడరే, అంటే పాతకాలపు నల్లమందే వాడండి. పైరోడెక్స్ లాంటి ప్రత్యామ్నాయాలు అంటుకోవడానికి ఎక్కువ వేడి కావాలి, చెకుముకి రవ్వకి మొరాయిస్తాయి. డబ్బా మీద ఎఫ్‌లు పెరిగేకొద్దీ మందు సన్నమని అర్థం: గొట్టంలోకి డబుల్ ఎఫ్ గానీ ట్రిపుల్ ఎఫ్ గానీ, గిన్నెలోకి అన్నిటికన్నా సన్నమైన ఫోర్ ఎఫ్. .50కి 60 నుంచి 80 గ్రెయిన్ల (గ్రాములు కావు, అంతకన్నా చాలా చిన్న కొలత) మధ్య ఎక్కడో మీ తుపాకీకి నచ్చిన మోతాదు దొరుకుతుంది, అయితే తయారీదారు పుస్తకంలో రాసిన హద్దు దాటకండి. ఆధునిక తూటాల్లో వాడే పొగలేని మందు చిటికెడు కూడా దగ్గరికి రానివ్వద్దు, గొట్టం చీలిపోతుంది. డబ్బాలోంచి నేరుగా గొట్టంలోకి పోయకండి, కొలతగిన్నెలోకి తీసుకుని పోయండి. గుండు మందుని ఆనుకునేదాకా దిగాలి, మధ్యలో ఖాళీ ఉంటే అదీ గొట్టానికి ముప్పే. మొదటిసారి సరిగ్గా దిగినప్పుడు ర్యామ్‌రాడ్ మీద గీత పెట్టుకుంటే తర్వాత అదే గుర్తు. విమానంలో మాత్రం ఈ మందు చెకిన్ బ్యాగులో కూడా పెట్టనివ్వరు.

వేటకి ముందు రేంజ్‌లో బాగా సాధన కావాలి, ఎందుకంటే మంట కంటి పక్కనే లేస్తే మనిషి తల తిప్పేయడం సహజం. తల తిప్పితే గుండు ఎటో పోతుంది. గొట్టం ఖాళీగా ఉంచి, గిన్నెలో మాత్రం కొంచెం మందు వేసి వెలిగిస్తూ, మంట లేచినా గురి మీద చూపు కదలకుండా అలవాటు చేసుకోండి. గిన్నె నింపేయకూడదు. సగం చాలు, అదీ రంధ్రానికి అడ్డుపడకుండా. రంధ్రం మూసుకుపోతే మంట దూకి లోపలికి వెళ్ళదు, ఒత్తిలా కాలుకుంటూ వెళ్తుంది, అందుకే ఆలస్యం. కళ్ళద్దాలు తప్పనిసరి. మీ కుడిపక్కన ఎవర్నీ నిలబడనివ్వకండి, ఆ రంధ్రంలోంచి మంట పక్కకి చిమ్ముతుంది. గిన్నెలో వెలిగి తుపాకీ పేలకపోతే నిమిషం పాటు లక్ష్యం వైపే గురిపెట్టి ఉంచండి. 60 గజాల్లో ఒక పేపర్ ప్లేటులో వరసగా గుండ్లు పడుతుంటే అదే మీ హద్దు. జింక 90 గజాల్లో నిలబడితే చూసి సంతోషించండి.

మంచు కురుస్తుంటే లాక్ మీద కప్పడానికి తోలు తొడుగు దొరుకుతుంది, కొనుక్కోండి. గిన్నెలో మందు చెమ్మ పట్టినట్టు అనిపిస్తే తుడిచేసి కొత్తది వేయండి. చెట్టుమీది స్టాండ్ ఎక్కేముందూ, కారెక్కేముందూ గిన్నె ఖాళీ చేయడం అలవాటు చేసుకోండి. కూరిన తుపాకీ ఇంట్లోకి తేవద్దు. లోపలున్నది బయటికి తీయడానికి సీఓటూ డిశ్చార్జర్ అని దొరుకుతుంది. ఆ రోజుకి చట్టం అడిగినా అడగకపోయినా ఆరెంజ్ కోటు వేసుకోండి, అడవిలో గోధుమరంగు జాకెట్ వేసుకుంటే దూరానికి జింకలా కనిపిస్తాం.

కాల్చిన రోజే కడగాలి. ఈ మందు మసి వానాకాలంలో మూత తీసిన ఉప్పుడబ్బాలా చెమ్మ లాగుతుంది, తెల్లారేసరికి గొట్టం ఎర్రబడుతుంది. వేడినీళ్ళు, రెండు చుక్కల గిన్నెల సబ్బు, పొడిగుడ్డలు, చివర్లో నూనె, అంతే. కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది కాబట్టి బాత్‌రూమో గరాజో చూసుకోండి. వంటింటి సింక్‌లో మాత్రం వద్దు, మసిలో సీసం కూడా ఉంటుంది.

ఇంకో మంచి మాట. మామూలు లైసెన్సుతో వచ్చే కొమ్ముల జింక ట్యాగ్ (ఒక జింకని కొట్టడానికి అనుమతి చీటీ) రైఫిల్ సీజన్లో వాడకుండా మిగిలితే, ఈ సీజన్లో దాంతోనే కొమ్ములున్నదీ లేనిదీ ఏదైనా కొట్టచ్చు. కొట్టాక పదిరోజుల్లోగా గేమ్ కమిషన్‌కి తెలియజేయాలి. కొన్ని ప్రాంతాల్లో జింకలకి సీడబ్ల్యూడీ అనే జబ్బు ఉంది, అక్కడ తల, వెన్నెముక బయటికి తీసుకెళ్ళనివ్వరు, మీ ప్రాంతం మ్యాపు ముందే చూసుకోండి. ఇండియాలో ఇంటికి ఫోన్ చేసి చెప్పేటప్పుడు కాస్త జాగ్రత్త. అక్కడ 1972 చట్టంతో జింకని ముట్టుకుంటే జైలే, పెద్దవాళ్ళు నిజంగానే హడలిపోతారు. ఇక్కడ అనుమతించిన సంఖ్య ప్రకారమే జరుగుతుందని ఓపిగ్గా చెప్పండి.

మాంసం కోయించే కొట్లో ముందే మాట్లాడుకోండి, లేకపోతే మొత్తం బర్గర్ కైమా చేసి ఇచ్చేస్తారు. తొడలు ఎముక తీసి కూరముక్కలు కొట్టమని చెప్పండి, గుండు తగిలిన చోట చుట్టూ జానెడు మేర తీసి పారేయమనండి. ఇంట్లో గర్భిణులూ చిన్నపిల్లలూ ఉంటే ఈ రెండోది తప్పకుండా గుర్తుచేయండి. కొవ్వు తక్కువ మాంసం కాబట్టి మటన్ లెక్కన కాకుండా, అల్లం వెల్లుల్లి పట్టించి రాత్రంతా ఉంచి, కుక్కర్లో ఇంకో రెండు కూతలు ఎక్కువ రానివ్వండి.