పాత చర్చి చరిత్ర రాయబోయే మేనకోడలికి

చిరంజీవి సౌభాగ్యవతికి మావయ్య ఆశీస్సులు.

హ్యూస్టన్ డౌన్‌టౌన్‌లోని క్రైస్ట్ చర్చ్ కెథెడ్రల్ చరిత్ర రాస్తున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. కంప్యూటర్ ముందు కూర్చునే ముందు ఒకసారి అక్కడికి వెళ్లు. ప్రెస్టన్ స్టేషన్‌లో రైలు దిగితే నడిచి వెళ్లిపోవచ్చు. అది ఎపిస్కోపల్ శాఖ వాళ్ల చర్చి. వాళ్లది ఆంగ్లికన్, అంటే ఇంగ్లండు చర్చి మూలం. మన సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) మూలాల్లోనూ అదొకటి కనుక ఆరాధన క్రమం నీకు మరీ కొత్తగా అనిపించదు.

అందరూ తడబడేది తేదీల దగ్గరే. సంఘం ఏర్పడింది 1839లో, ఇప్పుడున్న ఇటుక కట్టడం 1893 నాటిది, బిషప్పు పీఠంగా కెథెడ్రల్ హోదా వచ్చింది 1949లో. ఈ మూడింటినీ కలిపేసి ‘1839 నాటి కెథెడ్రల్’ అని రాయకు. మారనిది స్థలం ఒక్కటే, టెక్సస్ అవెన్యూ మీద మొదటి నుంచీ అదే చోటు. నన్నడిగితే వ్యాసం అక్కడే మొదలవ్వాలి.

1839 అనగానే అమెరికా అనేస్తావేమో! అప్పటికి టెక్సస్ వేరే దేశం. హ్యూస్టన్ దాని రాజధాని, ఆ ఏడాదే ఆ హోదా ఆస్టిన్‌కు తరలిపోయింది. సంఘ స్థాపనకు పూనుకున్న విలియం ఫెయిర్‌ఫాక్స్ గ్రే వర్జీనియా నుంచి వచ్చిన న్యాయవాది. ఆయన డైరీ అచ్చయింది, తప్పక చదువు. ఆ దేశంలో బానిసత్వం చట్టబద్ధం. అందుకని పెద్దల పేర్లు ఏకరువు పెట్టి ఊరుకోకు. బాప్తిస్మాల, పెళ్లిళ్ల, సమాధుల రిజిస్టర్లు చూపించమని కార్యాలయంలో అడిగి, బానిసల ప్రస్తావన ఎక్కడైనా ఉందేమో ఓపికగా వెతుకు. స్మారక ఫలకాలు చెప్పనివి ఒక్కోసారి అక్కడ దొరుకుతాయి.

లోపల, బలిపీఠం వైపుకూ జనం కూర్చునే వైపుకూ మధ్య చెక్కడపు పనితనమున్న చెక్క అడ్డతెర ఉంటుంది. 1938లో పక్కనున్న ఫర్నిచర్ దుకాణం తగలబడి మంటలు చర్చికి పాకినప్పుడు బలిపీఠం వైపు భాగం బాగా దెబ్బతింది. అగ్నిమాపక సిబ్బంది ఈ తెరను నీళ్లతో తడుపుతూ కాపాడారు. దాని ముందు తీరిగ్గా కూర్చో, చెయ్యి మాత్రం వెయ్యకు. ఆ రోజు సంగతి అప్పటి పత్రికల్లో చదివాకే రాయి. నోటి మాటగా వినే కథల్లో ప్రతిసారీ కొంత మసాలా చేరుతుంది.

ఇళ్లు లేనివారికి భోజనం, స్నానం, బట్టలు ఉతికించుకునే వసతి కల్పించే ‘ద బీకన్’ ఈ చర్చి నుంచే పుట్టింది. దాన్ని చివర ఒక్క వాక్యంతో సరిపెట్టకు, అదీ చరిత్రే. అక్కడికి వచ్చేవాళ్ల ఫోటోలు మాత్రం తీయకు.

ముసాయిదా పంపు. ‘అతి పురాతన’ అన్న మాట కనిపించిన చోటల్లా కొట్టేస్తాను, ముందే చెబుతున్నాను.

మీ మావయ్య