రిపాజిటరీ పని చేపట్టిన అమ్మాయికి

పర్లాకిమిడి

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో డిజిటల్ రిపాజిటరీ, అంటే గ్రంథాలను కంప్యూటర్లో భద్రపరచి అందరికీ చూపే భాండాగారం, బాధ్యత నీకు అప్పగించారని, పాత పరిశోధన గ్రంథాలన్నీ తొందరగా ఎక్కించమంటున్నారని నీ ఉత్తరం చూసి తెలుసుకున్నాను. ఎన్ని ఎక్కించావన్న లెక్క అధికారులకు అవసరమే కాని, ఎక్కించిన గ్రంథం వెతికినవాడికి దొరకకపోతే అది బీరువాలో తాళం వేసి ఉన్నట్టే. కనుక ఫైలు కన్నా ముందు దాని వివరాల మీద, అంటే మెటాడేటా మీద, మనసు పెట్టు.

మన సరిహద్దు ప్రాంతంలో ఈ పని మరింత కష్టం. ఒకే ఊరిని ఒకరు బరంపురం అంటారు, ఒకరు బెర్హంపూర్ అంటారు, ఒడియాలో బ్రహ్మపుర్ అని రాస్తారు. మన పర్లాకిమిడి కాగితాల్లో పారలాఖెముండి అవుతుంది. నేను పనిచేసిన రోజుల్లో అట్ట మీద ఉన్న పేరునే నమోదు చేసి ఊరుకునేవాణ్ణి. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక పరిశోధకుడు బరంపురం అని వెతికి, రెండే దొరికాయని రైలెక్కి వెళ్లిపోయిన సాయంత్రం, నేను ఇంకొక వర్ణక్రమంతో వెతికితే అతనికి కావలసినవి మరికొన్ని కనిపించాయి. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ ఊళ్లో పనిచేస్తూ నేర్చుకున్న సవర భాషకే సోరా, సౌరా అన్న రూపాలు కూడా ఉన్నాయి. ఒక రూపాన్ని ప్రమాణంగా పెట్టుకుని అన్ని గ్రంథాలకూ అదే వాడు, మిగిలిన రూపాలను విషయపదాల గడిలో చేర్చు. శీర్షికను మూల లిపిలోనే ఉంచి, ఆంగ్ల రూపాన్ని ప్రత్యామ్నాయ శీర్షికగా ఇవ్వు. రిపాజిటరీని నడిపే డీస్పేస్ సాఫ్ట్‌వేర్ వాడే డబ్లిన్ కోర్ అన్న వివరాల నమోదు పద్ధతిలో వీటన్నిటికీ చోటుంది. తేదీ దగ్గర గ్రంథం వెలువడిన సంవత్సరమే రాయాలి, నువ్వు ఎక్కించిన రోజు కాదు.

తెలుగు గ్రంథాలలో ఇంకొక చిక్కుంది. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో కొట్టించిన పీడీఎఫ్ కంటికి చక్కని తెలుగులా కనిపిస్తుంది కాని, లోపల ఉన్నది యూనికోడ్, అంటే కంప్యూటర్లన్నీ గుర్తించే ఉమ్మడి అక్షర సంకేతం, కాదు గనుక ఒక మాట కాపీ చేస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి, వెతికితే ఏమీ దొరకదు. విద్యార్థి ఫైలు ఇచ్చిన నాడే ఒక వాక్యం కాపీ చేసి చూసి, అవసరమైతే యూనికోడ్‌లోకి మార్చి తెమ్మని చెప్పు. పాతవాటికి కనీసం సారాంశాన్నైనా యూనికోడ్‌లో నువ్వే టైపు చేయి. శ్రమే, అయినా చేయవలసిందే. నిల్వ ఉంచే ప్రతిని పీడీఎఫ్-ఏ రూపంలో, అంటే దీర్ఘకాలం భద్రపరచడానికి ఏర్పడిన పీడీఎఫ్ రకంలో, పెట్టు. స్కాన్ చేసిన అసలు చిత్రాలను మాత్రం ఎవరు చెప్పినా చెరిపివేయకు.

యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2009 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ డిగ్రీ ప్రకటించిన 30 రోజుల్లోగా సాఫ్ట్ కాపీ పంపాలని ఉండేది. ఆ గడువు తరువాతి నిబంధనల్లో మారింది, ఇప్పటిది కనుక్కో. ఆ కాపీ విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను కలిపే ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ ద్వారా అందరికీ అందాలి. పరిశోధన గ్రంథాల జాతీయ భాండాగారమైన శోధ్‌గంగ ఏర్పడింది అందుకోసమే. కాని అందరికీ చూపడమంటే అన్నీ చూపడం కాదు. సవర పల్లెల్లో పాటలు, వైద్యం సేకరించిన గ్రంథాల అనుబంధాలలో మనుషుల పేర్లు, ఫోటోలు, ఫోన్ నంబర్లు ఉంటాయి. వారు ఒప్పుకున్నారో లేదో గైడుగారిని అడిగి, సందేహం ఉన్న భాగాన్ని వేరే ఫైలుగా చేసి అనుమతి పరిమితం చేయి. రచయిత నుంచి రాతపూర్వక అంగీకారం తీసుకోకుండా ఏదీ బహిరంగం చేయకు.

ఎవరైనా లంకె అడిగితే బ్రౌజరు పైన కనిపించే చిరునామా పంపకు. సర్వరు మారిన నాడు అది పనిచేయదు. ప్రతి గ్రంథానికీ డీస్పేస్ ఇచ్చే హ్యాండిల్‌నే, అంటే సర్వరు మారినా మారని శాశ్వత చిరునామానే, పంపు. శోధ్‌గంగలోని హ్యాండిళ్లు 10603తో మొదలవుతాయి, మీ విశ్వవిద్యాలయానికి సొంత సంఖ్య నమోదు చేయించారో లేదో ముందు కనుక్కో.

దసరా సెలవులకు వచ్చేటప్పుడు నువ్వు నమోదు చేసిన మొదటి పది గ్రంథాల వివరాలు అచ్చు తీసుకుని రా, ఇద్దరం కూర్చుని ఒక్కొక్క గడీ చూద్దాం.

ఇట్లు,
మీ పెదనాన్న