మలపరీక్ష రిపోర్టు నార్మల్‌గా వచ్చినా వైరస్ ఉండవచ్చా?

ఏడాదిన్నర పాపకు మూడు రోజులుగా వాంతులు, నీళ్ల విరేచనాలు అవుతున్నాయనీ, మలపరీక్ష నార్మల్ అని వచ్చిందనీ, పిల్లల్లో విరేచనాలు తెచ్చే రోటావైరస్ పరీక్ష వేరుగా చేయించాలా అనీ అడిగారు. పిల్లల ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను.

మామూలు మలపరీక్షలో మేము మైక్రోస్కోపు కింద చూసేది చీముకణాలు, రక్తకణాలు, అమీబా, పురుగుల గుడ్లు వంటివే. వైరస్ దానికి అందదు. 1973లో మెల్‌బోర్న్‌లో రూత్ బిషప్ బృందం రోటావైరస్‌ను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతోనే చూడగలిగింది. కల్చర్‌లో, అంటే మలంలోని సూక్ష్మజీవుల్ని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షలో, పెరిగేదీ బ్యాక్టీరియాయే. కాబట్టి మీ రిపోర్టును బట్టి వైరస్ లేదని అనుకోవడానికి వీల్లేదు. వైరస్ విరేచనాల్లో రిపోర్టు చాలావరకు ఇలాగే ఉంటుంది.

రోటా, అడినో వైరస్‌ల యాంటిజెన్‌ను (వైరస్‌లోని ప్రోటీన్‌ను) పట్టే కార్డు పరీక్ష ఉంది, ఫలితం నిమిషాల్లోనే తెలుస్తుంది. విరేచనాలు తెచ్చే మరో వైరస్ నోరోవైరస్‌కు మాత్రం పీసీఆరే (వైరస్ జన్యుపదార్థాన్ని పట్టే పరీక్షే) నమ్మదగినది, అది ఖరీదైనది. ఏది చేయించినా శాంపిల్ సరిగా లేకపోతే డబ్బు దండగ. మా దగ్గరికి డైపర్‌నే మడిచి తెచ్చేవారు చాలామంది. నీళ్ల విరేచనాన్ని డైపర్ పీల్చేసుకుంటుంది కనుక అందులో పరీక్షకు మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. డైపర్ లోపల పలుచని ప్లాస్టిక్ కవరు పరిచి, మూత్రం కలవకుండా చెంచాడు మలాన్ని శుభ్రమైన డబ్బాలోకి తీసి, వెంటనే ల్యాబ్‌కు చేర్చండి; ఆలస్యమయ్యేట్టయితే ఫ్రిజ్‌లో ఉంచండి. వైరస్ ఎక్కువగా బయటపడేది జబ్బు మొదటి రోజుల్లోనే కనుక వారం దాటాక నెగటివ్ వస్తే దానికి పెద్ద విలువ ఉండదు. రోటావైరస్ చుక్కలు వేయించిన కొద్ది రోజులకే పరీక్ష చేస్తే, ఆ టీకా వైరసే మలంలో కనబడి పాజిటివ్ రావచ్చు. ఆ చుక్కలు 6, 10, 14 వారాలకు వేస్తారు కనుక మీ పాపకు ఆ చిక్కు లేదు.

నన్నడిగితే, ఇంట్లోనే కోలుకుంటున్న పిల్లలకు ఈ పరీక్ష అంత అవసరం కాదు. ఫలితం ఏదైనా చికిత్స ఓఆర్‌ఎస్, 14 రోజుల పాటు జింక్, ఎప్పటిలాగే పాలూ తిండీ. వైరస్‌పై యాంటీబయోటిక్ పనిచేయదు. పిల్లను ఆసుపత్రిలో చేర్చినప్పుడు, రోగనిరోధకశక్తి తక్కువగా ఉన్నప్పుడు, ఒకే వార్డులో పలువురికి విరేచనాలు మొదలైనప్పుడు మాత్రం చేయించాలి. మూత్రం తగ్గినా, కళ్లు లోతుకుపోయినా, మత్తుగా పడి ఉన్నా, మలంలో రక్తం కనబడినా ఏ రిపోర్టు కోసమూ ఆగకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.