కొండ కింద విడిది: ముందు చోటు, తర్వాతే బండి

ప్రశ్న: మేము హన్మకొండలో ఉంటాం. మా అబ్బాయి అమెరికాలోని డెన్వర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే జూన్‌లో నేను, మా ఆవిడ అక్కడికి వెళ్తున్నాం. వంటగది, పడకలు, మరుగుదొడ్డి అన్నీ ఉండే ఆర్వీ బండిని అద్దెకు తీసుకొని, రాకీ పర్వతాల దగ్గర నాలుగు రాత్రులు గడుపుదామని వాడి ఆలోచన. బండి నిలుపుకొనే క్యాంప్‌గ్రౌండ్ల జాబితా ఒకటి పంపి, "మీకు నచ్చింది చెప్పండి నాన్నా" అన్నాడు. ఫొటోల్లో అన్నీ ఒకేలా బాగున్నాయి. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు, నాకు బీపీ, మనవరాలికి నాలుగేళ్లు. దేన్ని చూసి ఎంచుకోవాలి?
- ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: ట్రాక్టర్ ట్రాలీకి పరదా కట్టుకొని మేడారం జాతరకు వెళ్లివచ్చిన పెద్దవాళ్లు మీ ఇంట్లో ఎవరైనా ఉంటే, మీ ప్రశ్నకు సగం జవాబు వాళ్ల దగ్గరే దొరుకుతుంది. గద్దెలకు ఎంత దగ్గరని వాళ్లు మొదట అడిగేవారు కాదు. నీళ్లు ఎంత దూరం, ఆడవాళ్లకు చాటు ఉందా, తిరుగు ప్రయాణంలో బండి ఇరుక్కోకుండా బయటపడుతుందా అని చూసుకొని గాని సామాన్లు దింపేవారు కాదు. రాకీ పర్వతాల దగ్గరైనా వరస అదే. అయితే అక్కడ వీటన్నిటికంటే ముందు చూడవలసినది ఒకటుంది, ఎత్తు.

మన వరంగల్ సముద్ర మట్టానికి వెయ్యి అడుగుల లోపే ఉంటుంది. డెన్వర్ 5,280 అడుగులు. రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్‌ను ఆనుకొని ఉన్న ఎస్టెస్ పార్క్ ఊరు సుమారు 7,500 అడుగులు. పార్కు గుండా పోయే ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు ఒకచోట 12,183 అడుగులకు చేరుతుంది. ఎనిమిది వేల అడుగులు దాటిన చోట రాత్రి నిద్రపోతే కొందరికి తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. పగలు పైకి వెళ్లి వచ్చినా రాత్రి కిందనే పడుకోవడం మంచిది. అందుకని మీ అబ్బాయి పంపిన జాబితాలో ప్రతి పేరు పక్కన దాని ఎత్తు రాయించండి. ఎనిమిది వేలు దాటినవాటిని, ఫొటో ఎంత అందంగా ఉన్నా, కొట్టివేయండి. డెన్వర్‌లో దిగాక మూడు నాలుగు రోజులైనా ఇంట్లో ఉండి, ఆ తర్వాతే బయలుదేరండి. బీపీ మందుల విషయం ఇక్కడి మీ డాక్టరుతో ముందే మాట్లాడుకోండి.

రెండోది, మీ ఆవిడ మోకాళ్ల దృష్ట్యా, 'ఫుల్ హుకప్' అనే మాట. బండి నిలిపిన చోటనే కరెంటు, మంచినీళ్లు, మురుగు గొట్టం మూడూ ఉంటే దాన్ని అలా అంటారు. ఇది లేని చోట బండి కింది ట్యాంకుల్లో ఉన్న నీళ్లతోనే సరిపెట్టుకోవాలి. మురుగు ట్యాంకు నిండితే బండిని కదిలించి డంప్ స్టేషన్‌కు తీసుకెళ్లి ఖాళీ చేయాలి. మరుగుదొడ్డిలో నీళ్లు వాడే అలవాటు మనది. కాగితంతో సరిపెట్టుకునే కుటుంబానికి నాలుగు రోజులు వచ్చే ట్యాంకు మనకు రెండు రోజుల్లో నిండినా ఆశ్చర్యం లేదు. ఫుల్ హుకప్ ఉన్నా మరుగుదొడ్డి ట్యాంకు కవాటాన్ని ఎప్పుడూ తెరిచి ఉంచకూడదు. అలా ఉంచితే నీళ్లు పోయి గట్టిది లోపలే పేరుకుంటుంది. మూడింట రెండు వంతులు నిండాక దాన్ని వదిలి, ఆ వెనుక వంటింటి, స్నానపు నీళ్లు వదిలితే గొట్టం తనంతట తానే కడుక్కుంటుంది. (ఈ పని మీ అబ్బాయిదే. మొహమాటానికి పోయి మీరు చేతులు పెట్టకండి.)

నేషనల్ పార్కుల లోపలి క్యాంప్‌గ్రౌండ్లలో చాలావాటికి ఈ వసతి ఉండదు. యెల్లోస్టోన్ నేషనల్ పార్కు అంతటికీ మూడు వసతులూ ఉన్నది ఫిషింగ్ బ్రిడ్జ్ అనే ఒక్క చోటనే. అందుకే పార్కు లోపలే ఉండాలన్న పట్టుదల మీకు వద్దంటాను. ఎస్టెస్ పార్క్ ఊళ్లో, దాని చుట్టుపక్కల ప్రైవేటు క్యాంప్‌గ్రౌండ్లు ఉన్నాయి.

నన్నడిగితే నాలుగు రాత్రులనూ రెండుగా చేస్తాను. మొదటి రెండు రాత్రులు కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊరి దగ్గరి షయెన్ మౌంటెన్ స్టేట్ పార్క్‌లో ఉంటాను. కొండ పాదంలో సుమారు ఆరు వేల అడుగుల ఎత్తు, ఫుల్ హుకప్ ఉంది, 14,115 అడుగుల పైక్స్ పీక్ శిఖరం కూడా ఆ ఊరి పక్కనే. ఒంటికి ఎత్తు అలవాటయ్యాక మిగిలిన రెండు రాత్రులకు ఎస్టెస్ పార్క్ వెళ్తాను. బండితో పాటు మీ అబ్బాయి కారును కోడలు నడుపుకొని వస్తే ఇంకా మంచిది. ఒకసారి గొట్టాలు, తీగలు తగిలించాక, పాల ప్యాకెట్ కోసం కూడా ఇల్లంతా విప్పుకొని బయలుదేరడం రెండో రోజుకే విసుగు పుట్టిస్తుంది.

బండిని ముందు ఖాయం చేసి, అది పట్టే చోటు కోసం తర్వాత వెతకడం చాలామంది చేసే పొరపాటు. ఏ స్థలంలో ఎన్ని అడుగుల బండి పడుతుందో క్యాంప్‌గ్రౌండ్ వాళ్లు రాసి ఉంచుతారు. రోడ్లకూ కొలతలు ఉంటాయి. మోంటానాలోని గ్లేసియర్ పార్కులో గోయింగ్-టు-ద-సన్ రోడ్డు కొండ ఎక్కే భాగంలో 21 అడుగులు దాటిన బండిని అనుమతించరు. మీ ఐదుగురికి 25 అడుగుల లోపు బండి చాలు. వెనక్కి నడపనక్కరలేకుండా ఒకవైపు నుంచి వచ్చి మరోవైపు నుంచి పోయే 'పుల్-త్రూ' స్థలం అడగండి.

స్థలం నంబరు తెలుసుకోకుండా డబ్బు కట్టకండి. నేను మా చెల్లెలి కుటుంబంతో వెళ్లినప్పుడు ఏరు ఒడ్డున కుర్చీలు వేసిన ఫొటో చూసి ఒకచోట బుక్ చేశాం. ఏరు ఉన్నమాట నిజమే. మాకిచ్చిన స్థలం మాత్రం హైవే పక్కన, పైగా వాలుగా ఉంది. రాత్రంతా లారీల మోత, తెల్లవారేసరికి మా మేనల్లుడు పడక మీద నుంచి గోడ మూలకు జారి ఉన్నాడు. ఉపగ్రహ పటంలో ఆ నంబరు ఎక్కడుందో ముందే చూసుకుంటే రోడ్డు, చెట్ల నీడ, స్నానాల గది దూరం అన్నీ తెలిసిపోతాయి.

డెన్వర్ ఉన్న కొలరాడో రాష్ట్రంలోని స్టేట్ పార్కుల్లో ఆరు నెలల ముందే బుకింగ్ తెరుస్తారు. అంటే జూన్‌కు డిసెంబరులోనే. శుక్ర, శనివారాలు వదిలి ఆదివారం నుంచి గురువారం దాకా పెట్టుకుంటే దొరకడం తేలిక. జూన్ అని చెప్పి నూలు బట్టలతో వెళ్లకండి, రాత్రిళ్లు స్వెటరు లేకుండా ఉండలేరు. ఎలుగుబంట్లు తిరిగే ప్రాంతం కాబట్టి సకినాల డబ్బా అయినా బయట బల్ల మీద వదలకూడదు.

ప్రశ్న: మేమూ అలాంటి బండిలోనే వెళ్తున్నాం. మన మిక్సీ, ప్రెషర్ కుక్కర్ తీసుకెళ్లవచ్చా?
- ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: కుక్కర్ తప్పకుండా తీసుకెళ్లండి, మిక్సీ వద్దు. మన మిక్సీ 230 వోల్టులకు చేసినది, అక్కడి ప్లగ్గులో వచ్చేది 120. పిన్ను మార్చినా మోటారు నీరసంగా తిరుగుతుంది తప్ప పచ్చడి నలగదు. అల్లం వెల్లుల్లి, కొబ్బరి పొడి ఇంటి దగ్గరే నూరి డబ్బాల్లో పెట్టుకోండి.

చిన్న బండ్లకు ఎక్కువగా 30 ఆంపియర్ల కరెంటు వాడతారు. 120 వోల్టులతో లెక్క కడితే మొత్తం 3,600 వాట్లు. ఏసీ, మైక్రోవేవ్, నీళ్లు కాచే కెటిల్ ఒక్కొక్కటి పదిహేను వందల వాట్ల దాకా లాగుతాయి. మూడూ ఒకేసారి వేస్తే బ్రేకర్ పడిపోతుంది. టీ పెట్టేటప్పుడు ఏసీ ఆపుకోవాలి.

ఇక కుక్కర్ ఎందుకంటే, 7,500 అడుగుల ఎత్తున నీళ్లు సుమారు 92 డిగ్రీలకే మరుగుతాయి. మూత లేని గిన్నెలో కందిపప్పు గంట ఉడికినా పలుకుగానే ఉంటుంది. ముందుగా నానబెట్టి, ఇంట్లో కంటే రెండు విజిళ్లు ఎక్కువ రానివ్వండి. చాలాచోట్ల రాత్రి పది తర్వాత చప్పుడు చేయకూడదు కాబట్టి వంట పొద్దుండగానే ముగించుకోండి. పోపు మూకుడులో మిగిలిన నూనెను మాత్రం సింకులో పోయకండి, కాగితంతో తుడిచి చెత్తలో వేయండి. ఆ నూనె కింది ట్యాంకులో గడ్డకడితే, బండి తిరిగి ఇచ్చేటప్పుడు శుభ్రం చేసే ఖర్చు మీ మీదనే పడుతుంది.