బొమ్మల పెట్టె: మీ ప్రశ్నలు, కావలి నుంచి జవాబులు

కావలి ట్రంకు రోడ్డు పక్క సందులో 1988 నుంచి 2004 దాకా వీడియో క్యాసెట్ల కొట్టు నడిపాను. ఇప్పుడు అదే గదిలో జిరాక్సు మిషను పెట్టుకున్నా. అల్మరాలో రెండొందల క్యాసెట్లు ఇంకా ఉన్నాయి, ఎవరికీ ఇవ్వను. దెయ్యాల సినిమాలు, జానపదాలు, జపాన్ వాళ్ల బొమ్మల సినిమాలు... వీటి గురించి ఎవరు అడిగినా పని ఆపి మాట్లాడతా. ఈ నెల ఉత్తరాల్లో కొన్నిటికి జవాబులివి.

ప్రశ్న: అన్నయ్యా, మా అబ్బాయికి 26 ఏళ్లు, చెన్నైలో ఉద్యోగం. ఇంటికొస్తే రాత్రంతా జపాన్ బొమ్మలే. చిన్నపిల్లల బొమ్మలు చూసే ఈ అలవాటు మాన్పించేదెట్టా?
(ఒక తల్లి, బిట్రగుంట)

జవాబు: అమ్మా, మాన్పించే ముందు అతను చూసేవాటిల్లో ఒక్కటి మీరూ చూడండి. ‘గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్’ అని 1988లో ఇసావో తకాహతా తీశాడు. 1945లో అమెరికా విమానాలు కోబే ఊరి మీద నిప్పుల బాంబులు కురిపించాయి. తల్లి కాలిన గాయాలతో పోయింది. నౌకాదళంలో ఉన్న తండ్రి జాడ లేదు. పద్నాలుగేళ్ల అన్న, నాలుగేళ్ల చెల్లి మిగిలారు. కథ ఇంతే.

ఆ పిల్ల చేతిలో ఒక రేకు డబ్బా ఉంటుంది, పండ్ల రుచుల చప్పరింపు బిళ్లలది. ఒకరోజు బిళ్లలు అయిపోతాయి. అన్న డబ్బాలో నీళ్లు పోసి, గిలకరించి తాగిస్తాడు. ఆ పిల్ల ఒక్కో పండు పేరూ చెప్పి, అన్ని రుచులూ ఉన్నాయని మురిసిపోతుంది. హార్లిక్స్ సీసా అడుగున అంటుకున్నదాంట్లో వేడినీళ్లు పోసుకుని కడిగి తాగిన ఇళ్లల్లో పెరిగినోళ్లం, ఆ నీళ్ల రుచి మనకొకరు చెప్పక్కర్లేదు. ఆ తర్వాత ఆకలికి సోయి తప్పి, గాజు గోలీలను బిళ్లలనుకుని చప్పరిస్తా ఉంటుంది. నేను అక్కడ టీవీ ఆపేసి బయటికొచ్చి నిలబడ్డా. మిగతాది మర్నాడు చూశా.

ఈ కథ రాసిన అకియుకి నోసాకా, యుద్ధం రోజుల్లో తిండి లేక తన చెల్లెల్ని పోగొట్టుకున్నవాడు. సినిమా తీసిన తకాహతా తొమ్మిదేళ్లప్పుడు ఒకయామా మీద పడ్డ బాంబుల్లోంచి ప్రాణాలతో బయటపడ్డవాడు. దీన్ని పిల్లల బొమ్మ అని ఎట్టా అంటాం? పదేళ్లలోపు పిల్లల్ని దాని ముందు కూర్చోబెట్టొద్దనే నేను చెబుతా. జపాన్‌లో నవల ఎట్టాగో, నాటకం ఎట్టాగో, బొమ్మా అట్టాగే. అందులో పిల్లలవీ ఉంటాయి, పెద్దలవీ ఉంటాయి, పెద్దలు కూడా చూడక్కర్లేని చెత్తా ఉంటుంది. మీ అబ్బాయి ఏది చూస్తున్నాడో పక్కన కూర్చుని అడగండి, సంతోషంగా చెబుతాడు. నిద్ర చెడగొట్టుకోవద్దని మాత్రం గట్టిగా చెప్పండి. ఆ విషయంలో నేను మీ వైపే.

ప్రశ్న: జపాన్ బొమ్మల్లో నోరు తప్ప ఏదీ కదలదు. దీన్ని కళ అనడం కంటే పొదుపు అనడం మేలు కదా?
(ఒక లెక్చరర్, నెల్లూరు)

జవాబు: మాస్టారూ, పొదుపు అన్నది నిజమే. 1963 జనవరి 1న ఒసాము తెజుకా ‘ఆస్ట్రో బాయ్’ని టీవీలోకి తెచ్చాడు. వారానికో భాగం ఇవ్వాలి. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. అన్నిటికీ కొత్త బొమ్మ గీస్తే ఖర్చూ అందదు, టైమూ చాలదు. అందుకని ఒక బొమ్మను మూడు ఫ్రేములు నిలిపి, సెకనుకు ఎనిమిదితో సరిపెట్టుకున్నారు. మాట్లాడే మనిషికి నోరు మూసిందొకటి, సగం తెరిచిందొకటి, పూర్తిగా తెరిచిందొకటి. నడిచే మనిషిని నడుం దాకా చూపించి వెనక బొమ్మను జరిపారు.

అయితే ఆ లేమిలోంచే, కదలకుండా ఉండటాన్ని ఎట్టా వాడుకోవాలో నేర్చుకున్నారు. మియాజాకి 2001లో తీసిన ‘స్పిరిటెడ్ అవే’లో ఒక పిల్ల రైలెక్కుతుంది. పట్టాల మీద నీళ్లు నిలిచి ఉంటాయి. పెట్టెలో ఎవరూ మాట్లాడరు. ఒక స్టేషన్లో నీడలాంటి పిల్ల నిలబడి ఉంటుంది, ఎవరో చెప్పరు. పొద్దుగూకుతుంది. సోమశిల డ్యాం నుంచి నీళ్లు వదిలినప్పుడు పెన్నా బ్రిడ్జి మీద రైల్లో పోయుంటారు గదా. కిటికీలోంచి చూస్తే బ్రిడ్జి కనపడదు, నీళ్లే కనపడతాయి. అప్పటిదాకా సెల్‌ఫోన్‌లో అరుస్తా ఉన్నాయన కూడా నోరు కట్టేసుకుంటాడు. సరిగ్గా ఆ నిమిషం ఉంది ఆ సీన్లో. రెండు శబ్దాల మధ్య, రెండు పనుల మధ్య ఉండే ఖాళీని జపాన్ భాషలో ‘మా’ అంటారు. ఆ ఖాళీని అతను కావాలని పెట్టాడు. 2003లో ఆ సినిమాకు ఆస్కార్ వచ్చింది.

మీకు కదలికే కావాలంటే కత్సుహిరో ఓటోమో తీసిన ‘అకీరా’ చూడండి, 1988. లక్షా 60 వేలకు పైగా సెల్ బొమ్మలు, అంటే పారదర్శకమైన రేకుల మీద వేసినవి. గొంతులు ముందే రికార్డు చేసుకుని పెదాలు దానికి తగ్గట్టు గీశారు. రాత్రి రోడ్డు మీద మోటారు సైకిళ్ల వెనక దీపం గీత గాల్లో నిలిచిపోయే ఆ మొదటి పది నిమిషాలకు సాటి లేదు. ఆఖరి అరగంట మాత్రం సాగిందనే ఇప్పటికీ అనుకుంటా.

ప్రశ్న: విఠలాచార్య సినిమాల ముక్కలు ఫోన్లో చూసి మా హాస్టల్లో అందరూ పడీపడీ నవ్వుతారు. మీరేమో గొప్పవంటారు. ఎందుకన్నా?
(ఇంజనీరింగ్ విద్యార్థి, ఒంగోలు)

జవాబు: తమ్ముడూ, ముక్క చూస్తే నవ్వే వస్తుంది. ‘జగన్మోహిని’ వచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. మా ఊరి బయట టూరింగ్ టాకీసు. నేల టికెట్టు, ఇసక కుప్పగా చేసుకుని దాని మీద కూర్చున్నాం. ప్రొజెక్టరు ఒకటే, రీలు మార్చేటప్పుడల్లా లైట్లేసేవాళ్లు. కట్టెల బదులు తన కాళ్లే పొయ్యిలో పెట్టుకుని వంట చేసే దెయ్యాన్ని చూసి మా మేనత్త నా చెయ్యి పట్టుకుంది. లైట్లేసినా వదల్లేదు. ఆమె గోళ్ల గుర్తులు తెల్లారి కూడా ఉన్నాయి. ఆట వదిలాక చెరువు కట్ట మీద నడిచి ఇంటికి పోవాలి. లాంతరు ముందుండాలా వెనకుండాలా అని పెద్దోళ్లంతా అక్కడే నిలబడి వాదులాడుకున్నారు. వాళ్లు రోజూ చీకట్లో పొలానికి నీళ్లు పెట్టొచ్చే మనుషులు.

ఉడిపి వైపు నుంచి వచ్చిన విఠలాచార్య కాడ కంప్యూటర్లు లేవు. కటకంలో సగం మూసి ఒకసారి, రెండో సగం మూసి ఇంకోసారి అదే ఫిల్ము మీద తీసేవాళ్లు. కెమెరా ఆపి మనిషి బదులు మేకను నిలబెట్టేవాళ్లు. తీగ కట్టి ఎగరేసేవాళ్లు. తీగ కనపడుద్ది, నిజమే. మన జిల్లా డీసీపల్లి వాళ్లు ఆడించే తోలుబొమ్మలకు పుల్లలు కనపడవా? పుల్ల కనపడిందని రావణుడికి భయపడకుండా ఉన్నామా? విఠలాచార్య తన దెయ్యాన్ని తాను నమ్మాడు. ఆ దెయ్యానికి ఆకలుంది, కోపముంది, కోడలిగా కాపురం చెయ్యాలనే కోరికుంది. ఇప్పుడొచ్చే దెయ్యం కామెడీల్లో తీసినవాళ్లే దెయ్యాన్ని నమ్మరు. మనం నవ్వేలోపే వాళ్లు నవ్వేస్తారు. ఎంత గ్రాఫిక్స్ పోసినా నాకవి పట్టవు.

జపాన్ వాళ్ల గాడ్జిల్లానీ ఇట్టాగే వెక్కిరించారు, రబ్బరు తొడుగులో మనిషి అని. ఆ మనిషి పేరు హరువో నకాజిమా, ఆ తొడుగు ఇంచుమించు వంద కిలోలు. కెమెరా వేగం పెంచి తీసి మామూలు వేగంలో చూపించారు కాబట్టి ఒక్కో అడుగూ కొండ కదిలినట్టు పడుద్ది. ఆ అరుపు, డబుల్ బేస్ తీగ మీద తోలు గ్లౌజు పెట్టి రుద్దితే వచ్చింది. ఆ సినిమా 1954 నవంబరులో వచ్చింది. అదే ఏడు మార్చి 1న బికినీ దీవి కాడ అమెరికా హైడ్రోజన్ బాంబు పేలిస్తే, 23 మంది ఉన్న జపాన్ చేపల పడవ మీద బూడిద కురిసింది. దర్శకుడు ఇషిరో హోండా సినిమాను సముద్రంలో తగలబడే ఓడతోనే మొదలుపెట్టాడు. కబురు కోసం ఇంటి మనుషులు ఆఫీసు ముందు ఎగబడతారు. తుమ్మలపెంటలో నాకొక జాలరి స్నేహితుడున్నాడు. అతనికి ఇది చూపించా. రబ్బరు తొడుగు గురించి ఒక్క మాట అనలేదు. ఆఫీసు సీను కాడ మాత్రం, “పోయినోళ్ల పేర్లు చదవరేందబ్బా?” అన్నాడు.

మీ హాస్టల్లో ఒక్కసారి ముక్కలు ఆపేసి, లైట్లు తీసి, మొదటి నుంచి చివరిదాకా ‘జగన్మోహిని’ వేయండి. అప్పుడు రాయి నాకు.

ప్రశ్న: ‘మోసగాళ్లకు మోసగాడు’ చూడొచ్చా?
(కనిగిరి)

జవాబు: తప్పకుండా. 1971, కృష్ణ గారు, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వం, ఆరుద్ర రచన. మన దేశంలో తొలి కౌబాయ్ సినిమాగా పేరు. వీలైనంత పెద్ద తెర మీద చూడండి.

ప్రశ్న: జపాన్ సినిమాలు తెలుగు డబ్బింగులో చూడాలా, జపాన్ గొంతుతో కింద అక్షరాలు చదువుకుంటూ చూడాలా?
(డిగ్రీ విద్యార్థిని, కందుకూరు)

జవాబు: తల్లీ, మీ ఇంట్లో నాయనమ్మ ఉంటే తెలుగులోనే పెట్టు. అక్షరాలు చదవలేనోళ్లను ఆ కథకు దూరం చేసే హక్కు మనకు లేదు. 2025 సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాసిల్’ మన హాళ్లలో తెలుగులోనూ ఆడింది. నేను చూసిన ఆటకు వెనక వరసలో ఒక తాత, మనవడు వచ్చారు. తాత అడుగుతానే ఉన్నాడు, మనవడు చెబుతానే ఉన్నాడు. తెలుగు లేకపోతే తాత ఆ హాల్లో ఉండేవాడు కాదు.

నా గొడవ డబ్బింగుతో కాదు, డబ్బింగు తెలుగుతో. పదహారేళ్ల కుర్రాడు “నిన్ను అంతమొందించెదను” అనే ధోరణిలో మాట్లాడితే ఎట్టా? పెదాలకు పొసగదని సాకు చెబుతారు. పైన మాస్టారికి చెప్పా చూడు, జపాన్ బొమ్మకు ఉండేవి మూడు నోళ్లు. అందులో నెల్లూరు మాటా పడుద్ది, ఒంగోలు మాటా పడుద్ది. మనకిది చేతగాని పనా? 1950లో ‘ఆహుతి’కి శ్రీశ్రీ గారంతటివారు కూర్చుని డబ్బింగు మాటలు, పాటలు రాశారు. మన నెల్లూరు బాలు గారు తెలుగు ‘దశావతారం’లో కమల్ హాసన్ గారి పది పాత్రల్లో ఏడింటికి గొంతిచ్చారు, అందులో ముసలామె కూడా ఉంది. ఏడుకి ఏడు వేరు వేరు మనుషులు. రాసేవాళ్లూ పలికేవాళ్లూ ఆ శ్రద్ధ పెట్టినప్పుడు నేను తెలుగులోనే చూస్తా. అప్పటిదాకా ఒంటరిగా ఉంటే జపాన్ గొంతే పెట్టుకుంటా.

ప్రశ్న: ‘ఆదిత్య 369’ మళ్లీ హాళ్లలోకి వచ్చినప్పుడు వెళ్లారా? ఇప్పుడు చూస్తే ఎట్టా ఉంది?
(ఆత్మకూరు)

జవాబు: 2025 ఏప్రిల్‌లో రెండుసార్లు వెళ్లా. 1991లో టైమ్ మిషన్ సినిమా తీద్దామంటే డబ్బు పెట్టేవాళ్లు దొరకడం కష్టం. సింగీతం గారికి బాలు గారు అండగా నిలబడ్డారు. ఇద్దరూ మన నెల్లూరు జిల్లా వాళ్లే, ఈ మాట చెప్పుకునేటప్పుడు నాకు గొంతు పెరుగుద్ది. ముగ్గురు ఛాయాగ్రాహకులు పనిచేశారు: పి.సి. శ్రీరామ్, వి.ఎస్.ఆర్. స్వామి, కబీర్‌లాల్. రాయల కాలం ఇప్పటికీ చెక్కు చెదరలేదు. 2504వ సంవత్సరం భాగం కొంచెం పలచబడింది, ఒప్పుకుంటా. సింగీతం గారు ‘మాయాబజార్’కు కె.వి. రెడ్డి గారి దగ్గర పనిచేసిన మనిషి. ఆ కొనసాగింపు తెలుస్తానే ఉంటుంది: వింత ఎంత పెద్దదైనా, దాన్ని ముందు ఒక పిల్లాడి కళ్లతో చూపించడం.

ప్రశ్న: జపాన్ వాళ్లు తీసిన రామాయణం మన పద్ధతిలో ఉందా? మనవలకు చూపించవచ్చునా?
(విశ్రాంత ఉపాధ్యాయుడు, ఉదయగిరి)

జవాబు: అయ్యా, నిశ్చింతగా చూపించండి. యూగో సాకో మన రామ్ మోహన్ గారితో, కోయిచి ససాకితో కలిసి చేసిన పని అది. 2025 జనవరిలో తెలుగులో కూడా విడుదలైతే మా అమ్మను నెల్లూరు తీసుకుపోయి చూపించా. ఆమెకు ఎనభై దాటాయి. రాముడి కళ్లు మరీ పెద్దవిగా ఉన్నాయంది. యుద్ధం అయ్యాక పడిపోయిన వాళ్లను చూసి రాముడు బాధపడే చోట దండం పెట్టుకుంది.

ప్రశ్న: మా నాన్న పలకల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. నాకు బొమ్మలు కదిలించడం నేర్చుకోవాలని ఉంది. కంప్యూటర్ లేదు. ఎట్టా మొదలుపెట్టాలి సార్?
(తొమ్మిదో తరగతి విద్యార్థిని, మార్కాపురం)

జవాబు: బంగారు తల్లీ, నీ ఇంట్లోనే సామానంతా ఉంది. పెద్ద పలక ఒకటి తీసుకుని గోడకు ఆనించి, జరక్కుండా రెండు ఇటుకలు అడ్డం పెట్టు. నాన్న ఫోను పుస్తకాల దొంతర మీద నిలబెట్టి కదలకుండా కట్టు. సుద్దముక్కతో ఒక బంతి గియ్యి, ఫోటో తియ్యి. తుడిచి, ఇంకొంచెం కిందికి గియ్యి, ఫోటో తియ్యి. ఎనిమిది ఫోటోలైతే ఒక సెకను. బంతి నేలకు తగిలే చోట కొంచెం నలిగినట్టు గియ్యి, పైకి పోయేకొద్దీ బొమ్మల మధ్య దూరం తగ్గించు, బరువు వచ్చేస్తుంది. పది సెకన్లకు 80 బొమ్మలు, రెండు ఆదివారాల పని. ఫోటోలన్నీ కలిపి వీడియో చేసే ఉచిత యాప్‌లు ఉన్నాయి. ఇంటర్ అయ్యాక హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో యానిమేషన్ డిగ్రీ ఉంది, అహ్మదాబాద్ ఎన్.ఐ.డి.లో కూడా ఈ చదువుంది. దానికింకా టైముంది, ముందు బంతి ఎగరాలి.

గుడ్డ తడిపి తుడువు. పొడిగుడ్డతో తుడిస్తే పాత గీత నీడలాగా మిగిలిపోద్ది. ఆ నీడే బంతి వెనక తోకలాగా బాగుందనిపిస్తే మాత్రం, తుడవకుండా అట్టాగే తీసి నాకు పంపు.