టైమ్‌షేర్ అమ్మిపెడతాం, ముందు ఫీజు కట్టండి అంటున్నారు. కట్టొచ్చా?

కట్టకండి. కొనేవాళ్ళు రెడీగా ఉన్నారు, ట్రాన్స్‌ఫర్ ఖర్చులు పంపితే వారంలో పనైపోతుంది అన్నారని రాశారు కదా, మేం మా టైమ్‌షేర్ (రిజార్ట్‌లో ఏటా ఒక వారం ఉండేందుకు కొనుక్కున్న వాటా) అమ్మకానికి పెట్టినప్పుడు మాకూ అచ్చం ఇలాంటి ఫోనే వచ్చింది. రిజార్ట్ పేరు, మాకు ఏ వారం ఉందో, అన్నీ గడగడా చెప్పేశాడు. అవి విన్నాక ఎవరికైనా నమ్మకం కలుగుతుంది. కొనేవాళ్ళ పేరుతో ఒప్పందం కాపీ పంపమని, ఫీజు ఏదైనా ఉంటే వాళ్ళిచ్చే డబ్బులోంచే తీసుకోమని అన్నాను. అంతే, గొంతు మారింది. ‘ఈ సాయంత్రంలోపు కట్టకపోతే బేరం పోతుంది’ అన్నాడు. పోనివ్వండి అని పెట్టేశాను.

నమ్మదగిన బ్రోకర్ అయితే అమ్మకం పూర్తయ్యాకే కమిషన్ తీసుకుంటాడు. ముందస్తు ఫీజుల విషయంలో జాగ్రత్త అని అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కూడా చెబుతూనే ఉంది. మెక్సికో కేంద్రంగా సాగిన టైమ్‌షేర్ మోసాల్లో 2019-2023 మధ్య దాదాపు 6,000 మంది అమెరికన్లు సుమారు 30 కోట్ల డాలర్లు పోగొట్టుకున్నట్టు ఫిర్యాదులు వచ్చాయి. ఒకసారి పోగొట్టుకున్నవాళ్ళకి, ఆ డబ్బు వెనక్కి ఇప్పిస్తామంటూ లాయర్ల పేరుతో మళ్ళీ ఫోన్లు వస్తాయి. నాకు అన్నిటికంటే కోపం వచ్చేది అక్కడే.

మీరు ముందుగా రిజార్ట్‌కే ఫోన్ చేసి, వెనక్కి తీసుకునే పథకం ఏమైనా ఉందా అని అడగండి. లోన్, మెయింటెనెన్స్ ఫీజు బాకీ లేకపోతే కొన్ని రిజార్ట్‌లు తీసుకుంటాయి. లేదంటే అమ్మాల్సిందే. అప్పుడు కొన్న ధర మనసులో పెట్టుకోకండి, రీసేల్‌లో అందులో చిన్న భాగం వచ్చినా మంచి బేరమే. మీ పేరున రిజిస్టరైన డీడ్ (యాజమాన్య పత్రం) ఉందా, వాడుకునే హక్కు మాత్రమే ఉందా, అమ్మేముందు కొనే అవకాశం మొదట రిజార్ట్‌కే ఇవ్వాలన్న షరతు ఉందా అన్నవి కాగితాల్లో చూసుకోండి. ఫీజులు కట్టడం ఆపేయండి, మిగతాది మేం చూసుకుంటాం అనే కంపెనీల మాట వినకండి. ఆ బాకీ మీ పేరు మీదే పెరుగుతుంది.

కొనేవాళ్ళు దొరికాక డబ్బు ఎస్క్రో ద్వారానే, అంటే అమ్మకం పూర్తయ్యేదాకా డబ్బు తన దగ్గర ఉంచుకునే మధ్యవర్తి ద్వారానే నడిపించండి, ఆ ఎస్క్రో కంపెనీ నిజంగా ఉందో లేదో మీరే విడిగా కనుక్కోండి. చాలామంది డబ్బు చేతికి రాగానే పనైపోయిందనుకుంటారు. రిజార్ట్ రికార్డుల్లో పేరు మారేదాకా అమ్మకం పూర్తి కానట్టే, వచ్చే ఏడాది బిల్లు మీ ఇంటికే వస్తుంది. మేం పట్టుబట్టి రిజార్ట్ నుంచి లెటర్ తెప్పించుకున్నాం. కొత్త ఓనర్ పేరు, ఏ తేదీ నుంచి ఫీజు బాధ్యత వాళ్ళదో అందులో స్పష్టంగా ఉంది. డీడ్ ఉన్న టైమ్‌షేర్ అయితే కొత్త డీడ్ రిజిస్టరైన కాపీ కూడా తీసుకోండి.

ఒకవేళ ఆ ముందస్తు ఫీజు అడిగినవాళ్ళకి ఇప్పటికే కార్డుతో ఏమైనా కట్టి ఉంటే, ఈ రోజే బ్యాంకుకి ఫోన్ చేసి ఆ చెల్లింపుపై డిస్ప్యూట్ (అభ్యంతరం) పెట్టండి. ఆలస్యం చేసేకొద్దీ వెనక్కి వచ్చే అవకాశం తగ్గిపోతుంది.